బెండు వాలిన వైపు

ఆగ్నేయం వంటశాల దినపుస్తకం
చక్రం తిరగడం మొదలయ్యాక అరవై ఒకటో సంవత్సరం. రాస్తున్నది గున్నమ్మ.

రోజు 211

పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పూ ఆనపకాయ పులుసూ, సాయంత్రం రొట్టెలు. నాలుగు వందల మందికి పైనే తిన్నారు. ఇద్దరు పులుసులో ఉప్పు తక్కువన్నారు. వాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకున్నాను.

వంటశాల కడిగిన నీళ్ళు ఈరోజు కూడా తూములోకి పోలేదు. తూము దక్షిణం గోడ పక్కన ఉంది. నేలని దానివైపే కాస్త వాలుగా కట్టారు. పన్నెండేళ్ళుగా నీళ్ళు పోస్తే బుద్ధిగా అటే పోయేవి. ఈమధ్య ఏమొచ్చిందో, వెనక్కి తిరిగి తూర్పు గోడ పక్కనున్న బియ్యం బస్తాల కిందికి చేరుతున్నాయి. రెండు బస్తాలు ముక్కిపోయాయి. నేల వంగిందా అని దారం పట్టి చూశాను, వంగలేదు.

వాస్తు చూసే తిరుమలాచార్యులుగారు అటుగా వెళుతూ లోపలికి తొంగిచూశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. "నీరు ఈశాన్యం దిక్కుగా పారుతోందమ్మా, ఇంతకన్నా శుభం ఏముంటుంది!" అన్నారు. నా చేతిలో తడిసిన బియ్యం గోనె ఉంది. దాన్ని ఆయన ముఖమంత ఎత్తున పట్టుకుని చూపించాను. ఆయనకి నీళ్ళే కనిపించాయి.

ఇదంతా పోయినేడు వేరుశనగ పంట వరుసగా మూడుసార్లు మాడిపోయిన దగ్గర మొదలైంది. ఆకాశంలో మేముండే ఈ చక్రం కట్టినవాళ్ళు, దాని అంచు లోపలున్న ఎనిమిది వాడలకీ ఎనిమిది దిక్కుల పేర్లు పెట్టారు, ఇల్లు వెతుక్కోవడానికి వీలుగా ఉంటుందని. గిరగిరా తిరిగే చక్రానికి తూర్పేమిటి, పడమరేమిటి? కానీ పేరంటూ పెట్టాక దానికో శాస్త్రం రాక మానుతుందా! నైరుతిలో బరువుండాలి, ఈశాన్యం ఖాళీగా ఉండాలి అన్నారు ఆచార్యులుగారు. ఎనిమిది నెలలుగా జనం రుబ్బురోళ్ళూ, ఇనప్పెట్టెలూ, విత్తనాల బస్తాలూ నైరుతి వాడకి మోస్తూనే ఉన్నారు. పెద్ద నీళ్ళ తొట్టి కూడా అక్కడే కట్టి నింపారు. దానికెదురుగా చక్రానికి అవతలి కొసన ఈశాన్యంలో ముగ్గులూ, రెండు నూనె గానుగలూ తప్ప ఏమీ లేవు. పంట మాత్రం ఈసారి బాగానే వచ్చింది, అది నిజం. మా ఆయన పోలినాయుడు కాలువల కావలి. మందు చల్లాం కాబట్టి పండిందంటాడు. నేను ఎవరి మాటా కాదనలేదు, నా రోలు కూడా పంపించాను.

ఎల్లుండి మంచుబండి వస్తోంది. పద్నాలుగు నెలల కిందట తోకచుక్క దగ్గరికి మంచు తవ్వి తేవడానికి వెళ్ళిన బండి అది. అందులో ఎనిమిది మంది ఉన్నారు. నడిపేది మా అత్త సన్యాసమ్మ. నాకు మేనత్త, పోలినాయుడికి తల్లి. పద్నాలుగు నెలలు వంటశాలలో నా మాటకి ఎదురు లేదు. అయినా ఆవిడ వస్తోందంటే సంతోషంగానే ఉంది. ఈ మాట రాశానని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రోజు 213

బండి రాలేదు. వచ్చింది, పట్టుబడలేదు.

మా చక్రం నడుమ ఇరుసుంది. ఇరుసు కొసన ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. బండి మెల్లిగా ఎదురొస్తే ఆ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కోవాలి. ఈరోజు బండి మూరెడు దూరం దాకా వచ్చి, పక్కకి తప్పిపోయింది. ఇరుసు గదిలో కూర్చుని ఇవన్నీ నడిపించే దివాకరంగారు మైకులో చెప్పారు: "బండి ఊగుతోంది. చోదకులు అలసిపోయినట్టున్నారు. రేపు మళ్ళీ ప్రయత్నిస్తాం."

మా అత్త అలసిపోవడం నేనెప్పుడూ చూడలేదు. పోలినాయుడు అన్నం వదిలేసి లేచిపోయాడు.

రోజు 214

రెండోసారీ తప్పింది. ఈసారి బండి ముక్కు తగిలి ఇనుప చెయ్యి వంగింది. సాయంత్రానికి సరిచేశారు గానీ, దివాకరంగారి గొంతు మారింది. ఇంకోసారి గట్టిగా తగిలితే ఇరుసే పగులుతుంది, అప్పుడు చక్రంలో అందరికీ గాలి పోతుంది. బండిలో తొమ్మిది రోజుల గాలే మిగిలింది. వేరే చోటు ఏదైనా చేరాలంటే నలభై రోజుల దారి. ఇంతకన్నా విప్పి చెప్పక్కర్లేదు.

ఇంటివాళ్ళని మాట్లాడనిస్తే నేనూ పోలినాయుడూ ఇరుసు గదికి వెళ్ళాం. రేడియోలో అత్త గొంతు మామూలుగానే ఖంగుమంది.

"ఏటే గున్నా, బాగున్నావేటి? నాను తాగీసొచ్చి బండి తోల్తన్నానని సెప్తన్నారేటి అక్కడ?"

"సన్యాసమ్మగారూ, ఎవరూ అలా అనలేదు" అన్నారు దివాకరంగారు. "కెమెరాలో స్పష్టంగా కనిపిస్తోంది. మీ బండి ఇరవై ఎనిమిది సెకన్లకోసారి సున్నా చుడుతోంది."

"నా బండి రాయిలాగ నిలబడుంది బాబూ. మీ ఇరుసే సున్నా సుడతంది. నాకూ కళ్ళున్నాయి గదా."

"కెమెరా ఇరుసు మీదే ఉంది. ఇరుసు కదిలితే నాకు తెలియదా?"

"ఇరుసు మీద కూకుంటే ఇరుసు కదిలినట్టు ఎలగ తెలుస్తాది? నువ్వు నన్ను ఊగతన్నావంటావు, నాను నిన్ను ఊగతన్నావంటాను. ఇది తేలీది కాదు. గున్నా, ఇను. నాకాడో సీసా ఉంది. నిండా నీళ్ళు పోసి, అడుగుని దారం కట్టి, దారం కొసకి బెండు ముక్క కట్టినాను. బండి ఎటు లాగితే బెండు అటు వాల్తాది. ఇప్పుడు ఎటూ పోకుండా నిలబడుంది. ఊగీ బండిలో బెండు అలగ ఊరుకోదు. నువ్వూ ఒకటి కట్టు. కట్టి, మీ బెండు ఏటంటందో సూడు."

దివాకరంగారు సమయం అయిపోయిందన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. చక్రంలో ఉన్న అందరి ప్రాణాలూ ఆయన చేతిలో ఉన్నాయి, ఎనిమిది మంది కోసం వాటిని పణంగా పెట్టలేడు.

కిందికి దిగుతుంటే ఒక మాట నా తలలో తిరుగుతూనే ఉంది. ఇరవై ఎనిమిది సెకన్లు. మా వంటశాలలో సెకన్లు లేవు. మేము చుట్లు లెక్కపెడతాం. చక్రం ఒకసారి తిరిగితే ఒక చుట్టు, గోడమీద దీపం ఒకసారి మినుక్కుమంటుంది. ఇడ్లీకి ఇరవై అయిదు చుట్లు, అన్నానికి నలభై. ఇడ్లీ పెట్టి గడియారం చూశాను. ఇరవై అయిదు చుట్లకి ఏడు వందల సెకన్లయింది. భాగిస్తే చుట్టుకి సరిగ్గా ఇరవై ఎనిమిది. బండి తనంతట తాను ఊగితే మా చక్రంతో తాళం ఎందుకు కలుపుతుంది?

రోజు 215

సీసా కట్టాను. నూనె కొలిచే పొడుగాటి గాజుసీసా, మూరెడు ఎత్తుంటుంది. మూతకి లోపల దారం కట్టి, కొసన బెండు ముక్క ముడేసి, నిండా నీళ్ళు పోసి, మూత బిగించి తలకిందులుగా నిలబెట్టాను. గాలి బుడగ ఉండకూడదు, ఉంటే బెండు దాన్ని పట్టుకుని వేలాడుతుంది. నాలుగోసారికి కుదిరింది. బెండు పైకి తేలి దారాన్ని బిగువుగా నిలబెట్టింది.

వంటశాల గుమ్మం పక్కన పెట్టాను. గుమ్మం నిలువు కమ్ములు సరిగ్గా ఇరుసువైపు చూసేలా కట్టారు. దారం ఆ కమ్మికి సమంగా నిలవాలి. నిలవలేదు. పెసరగింజంత పక్కకి, దక్షిణం మీదుగా నైరుతివైపు వాలింది. సీసా తిప్పి పెట్టాను, మళ్ళీ అటే. బల్లమీద పెట్టాను, నేలమీద పెట్టాను, అటే.

ఊగుతున్నది మేమే!

ఇక్కడే నా తెలివి పెడదారి పట్టింది. నీళ్ళు ఈశాన్యంవైపు పోతున్నాయి, బెండు నైరుతివైపు వాలుతోంది. నీళ్ళు బరువున్న వైపు పోతాయి, బెండు తేలిక కాబట్టి తేలికైన వైపు పోతుంది. అంటే ఇన్నాళ్ళూ ఎంత మోసినా ఈశాన్యమే ఇంకా బరువు, నైరుతే ఇంకా తేలిక. ఎంత చక్కటి లెక్క! తక్కెడ ముందు కూర్చున్నవాళ్ళెవరైనా ఇలాగే ఆలోచిస్తారు. దివాకరంగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన సీసాని అటూ ఇటూ తిప్పి చూశారు.

"చక్రాన్ని సీసాతో తూస్తానంటారా అమ్మా?"

"తూసే ఇంకో సాధనం మీ దగ్గరుంటే అదే తేండి."

లేదు. చుట్టూ అంచుమీద ఉండాల్సిన కొలత పెట్టెలు చెడిపోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన చివరికి ఒప్పుకున్నారు. ఈశాన్యంలో కదల్చడం కష్టమని వదిలేసిన నూనె గానుగలు రెండున్నాయి, ఇరవై టన్నులు. వాటిని పట్టాల బండి మీద నైరుతికి తోయించారు. ఆచార్యులుగారు ఎదురొచ్చి కొబ్బరికాయ కొట్టారు. ఇన్నాళ్ళకి ఈశాన్యం పూర్తిగా ఖాళీ అయిందని పొంగిపోయారు. నేను కూడా గానుగకి ఒక చెయ్యి వేశాను.

రోజు 216

బెండు శనగగింజంత వాలింది. అదే వైపు.

అత్త రేడియోలో చెప్పింది: "నిన్నటికన్నా ఎక్కువ ఊగతన్నారు. ఏటి సేసినారే మీరు?"

గానుగల సంగతి చెప్పాను. ఇంక బండిని దగ్గరికి రానివ్వనని దివాకరంగారు చెప్పారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరూ ఉప్పు గురించి మాట్లాడలేదు. వంట చెయ్యాల్సిన మనిషి చక్రాన్ని బాగుచెయ్యబోయిందని ఎవరో మెల్లిగా అన్నారు. అన్నది నిజమే. ఏడు రోజుల గాలి ఉంది. పోయిన రెంటిలో ఒకటి నా చేతులారా పాడుచేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అంట్లగదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. ఎవరైనా అడిగితే ఉల్లిపాయలన్నాను.

రోజు 217

బరువెక్కడ, తేలికెక్కడ అని ఊహించడం మానేశాను. అత్త చెప్పింది ఒక్కటే: బండి ఎటు లాగితే బెండు అటు వాలుతుంది. ముందు అది నిజమో కాదో చూద్దామనుకున్నాను.

సీసా రెండు చేతులా పట్టుకుని చేతులు చాచి వంటశాల మధ్యలో నిలబడి నాచుట్టూ నేను తిరిగాను. బెండు నావైపు వాలింది. బయటికి కాదు, నా కడుపువైపు! ఎదురు దిక్కుగా తిరిగాను. మళ్ళీ నావైపే. వేగంగా తిరిగితే ఇంకా వాలింది. అంటే తిరిగేదాని నడుమ ఎక్కడుందో బెండు అటు చూస్తుంది. దానికి బరువుతో పనిలేదు. మా బెండు నైరుతివైపు వాలిందంటే, చక్రం తన ఇరుసు చుట్టూ తిరగడం లేదు. ఇరుసుకి నైరుతివైపు ఎక్కడో ఉన్న ఇంకో నడుమ చుట్టూ తిరుగుతోంది.

నడుమ ఎందుకు జరిగింది? కళ్ళు తిరిగి గోడ పట్టుకుని ఉండగా పోలినాయుడు కాలువ పని ముగించుకుని వచ్చాడు.

"ఏటి సేస్తన్నావే?"

"ఇలగ రా. చేతులియ్యి."

"ఎందుకు?"

"ఒప్పులకుప్ప తిరుగుదాం."

నాకు నలభై ఎనిమిదేళ్ళు, ఆయనకి యాభై రెండు. నేను రెండు బస్తాల బరువుంటాను, ఆయన చీపురుపుల్ల. నా ముఖం చూసి మారుమాట్లాడకుండా చేతులిచ్చాడు. చేతులు పెనవేసి, కాళ్ళు దగ్గర పెట్టి, వెనక్కి వాలి తిరిగాం. ఒక్క చుట్టు తిరగ్గానే తెలిసిపోయింది. నేను ఉన్నచోటే దాదాపు నిలబడి తిరుగుతున్నాను. ఆయన మాత్రం ఇంత పెద్ద సున్నా చుడుతున్నాడు, తువ్వాలు ఎగిరిపోయింది, బిందెల మీద పడబోయాడు.

"ఆపీయే, సచ్చిపోతాను!"

చిన్నప్పుడు ప్రతి ఆడపిల్లకీ తెలిసిన సంగతే ఇది. బొద్దుపిల్లతో తిరిగితే బక్కపిల్ల విసురుగా పోతుంది. బొద్దుపిల్లకి దగ్గరగానే నడుమ ఉంటుంది. బరువెటుంటే నడుమ అటు జరుగుతుంది! నైరుతి బరువెక్కింది, నడుమ అటు జరిగింది. తిరిగే చక్రంలో నడుమకి దూరమైనదే పల్లం. ఈశాన్యం నడుమకి దూరమై పల్లమైపోయింది, అందుకే నీళ్ళు అటు పారాయి. ఆచార్యులుగారి శుభం అదీ. నేను చెయ్యి వేసి మరీ తోసిన గానుగలు మరింత జరిపాయి.

పోలినాయుడు నేలమీద కూలబడి వగరుస్తున్నాడు. ఆయన్ని పట్టుకుని నవ్వాను. తరవాత ఏడ్చాను. ఈసారి ఉల్లిపాయలు అనలేదు.

రోజు 218

సీసా చంకన పెట్టుకుని ఇరుసు గదికి ఎక్కాను. దివాకరంగారు నన్ను చూసి కళ్ళు మూసుకున్నారు.

"ఒకసారి తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నాను" అన్నాను. "ఈసారి చెప్పను. మీరే చూడండి."

ఇరుసులో బరువుండదు, మనుషులే గాలిలో తేలతారు. ఇరుసే నిజంగా నడుమ అయితే అక్కడ బెండుకి ఏ వైపూ లేదు, సీసాలో ఎక్కడ వదిలితే అక్కడే తచ్చాడాలి. సీసాని గది మధ్యలో బిగించి చేతులు తీసేశాం. బెండు కాసేపు బద్ధకంగా తిరిగింది. దారం సడలి మెలికలు తిరిగింది. తరవాత మెల్లిగా, చాలా మెల్లిగా, ఒక వైపు జరగడం మొదలైంది. దారం నిటారుగా సాగి ఆగింది. గోడమీద ఏ వాడకి ఏ దారో పేర్లు రాసుంటాయి. దారం చూపిస్తున్న పేరు నైరుతి.

దివాకరంగారు సీసాని తిప్పి మళ్ళీ బిగించారు. నైరుతి. గది అవతలి కొసన పెట్టారు. నైరుతి. నాలుగోసారి తరవాత తన కెమెరావైపు చూసుకుని, ఆ తరవాత నావైపు తిరిగారు.

"పద్నాలుగేళ్ళుగా ఇదే కుర్చీలో ఉన్నాను. నేనే ఊగుతున్నానని ఒక్కసారి కూడా అనుకోలేదమ్మా" అన్నారు. రేడియో తీసి, "సన్యాసమ్మగారూ, ఊగుతున్నది మేమే. క్షమించండి" అన్నారు.

"నాను సెప్పలేదేటి!" అంది అత్త. ఆ మాటకి అంత తీపి ఉంటుందని నాకు తెలియదు.

మిగిలింది జనం. సాయంత్రం సభ పెట్టారు. నైరుతి నుంచి బరువు తియ్యాలంటే సగం మంది లేచి నిలబడ్డారు. పంట మళ్ళీ మాడితే ఎవరు జవాబు చెప్తారన్నారు. నేను అందరి ముందూ సీసా పట్టుకుని తిరిగి చూపించాను. తరవాత పోలినాయుణ్ణి పిలిచి ఒప్పులకుప్ప తిరిగాను. సభ అంతా పడీపడీ నవ్వింది. నవ్వుతూనే ముసలమ్మలు ఒకరినొకరు చూసుకుని తలలూపారు.

ఆచార్యులుగారు నవ్వలేదు. దగ్గరికొచ్చి సీసా అడిగి తీసుకుని, చేతులు చాచి, పంచె కాళ్ళకి అడ్డం పడకుండా జాగ్రత్తగా తనచుట్టూ తాను రెండుసార్లు తిరిగారు. బెండుని చూశారు.

"శాస్త్రం ఇంటికి చెప్పింది" అన్నారు చివరికి. "ఇల్లు గిరగిరా తిరుగుతుందని శాస్త్రానికి ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎనిమిది ప్రాణాలకన్నా శుభం వేరే ఏముంది? ముందు నా రోలు తీయించండి."

ఆయన్ని ఇన్నాళ్ళూ ఎన్ని మాటలన్నానో తలుచుకుని తలదించుకున్నాను.

రోజు 219

గానుగలు వెనక్కి వెళ్ళాయి. తోసినవాళ్ళలో నేనూ ఉన్నాను, ఈసారి రెండు చేతులూ వేశాను. బెండు పెసరగింజకి దిగింది. గెలుస్తున్నాం!

నీళ్ళ తొట్టి ముప్పై టన్నులు. బిందెలతో మొయ్యాలంటే పది రోజులు పడుతుంది. పోలినాయుడు నవ్వాడు. "మొయ్యడం ఎందుకు? ఈశాన్యం పల్లమని నువ్వే సెప్తన్నావు గదా. తలుపులు తీసీస్తే నీళ్ళే పోతాయి." చక్రం చుట్టూ కాలువ ఉంది, వాడవాడకీ తలుపు వేసి ఉంటుంది. నాలుగు తలుపులు ఎత్తించాడు. నైరుతి తొట్టి నీళ్ళు పడమర, వాయవ్యం, ఉత్తరం దాటుకుంటూ చక్రం సగం చుట్టి ఈశాన్యంలోకి పరిగెత్తాయి. పిల్లాపెద్దా కాలువ గట్టున నిలబడి కేకలు పెట్టారు. ఎవరూ తొయ్యలేదు, ఎవరూ తోడలేదు. ఆచార్యులుగారు "ఈశాన్యంలో నీరు! ఇది మాత్రం శాస్త్రమే" అని ఎంత సంతోషపడ్డారో చెప్పలేను.

సాయంత్రానికి నీళ్ళ పరుగు నెమ్మదించింది. బెండు ఆవగింజకన్నా కాస్త ఎక్కువ వాలి ఉంది.

రోజు 220

రోళ్ళు, ఇనప్పెట్టెలు, విత్తనాలు. పొద్దున్నుంచి చేతులు మారుతూనే ఉన్నాయి. నైరుతి నుంచి మా వంటశాల మీదుగా ఈశాన్యం దాకా బారులు తీరి నిలబడ్డారు. నేను గంజి కాచి బారు పొడవునా తిరిగి పోశాను. ఉప్పు సరిపోయిందన్నారు, సరిపోలేదని నాకు తెలుసు.

పది టన్నులు ఈశాన్యానికి చేరాయి. బెండు ఆవగింజంత మిగిలింది. ఇంక మొయ్యడానికి ఏమీ లేదు. బండిలో మూడు రోజుల గాలుంది. దివాకరంగారు కాగితం మీద లెక్కలు వేసి, ఇంకో ఇరవై టన్నులు కావాలన్నారు. ఎక్కణ్ణుంచి తేవాలి?

ఆచార్యులుగారు వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "మనమెంత బరువుంటామమ్మా?" అన్నారు.

రోజు 221

వంట లేదు. పొయ్యిలన్నీ ఆర్పేశాం. నడవగలిగినవాళ్ళు నడిచారు, మంచంలో ఉన్నవాళ్ళని మంచాలతోనే మోశారు. బాలింతలు, ముసలివాళ్ళు, బడిపిల్లలు, అందరూ ఈశాన్యం వాడలో. ఎనిమిది నెలలు అడుగుపెట్టకుండా కాపాడుకున్న ముగ్గుల మీద భుజం భుజం రాసుకుంటూ నిలబడ్డారు. ఇరుసులో దివాకరంగారు. ఆగ్నేయంలో నేనూ, నా సీసా. ఇంకెక్కడా మనిషి లేడు. ఖాళీ చక్రంలో నా ఊపిరి నాకే వినిపించింది.

మైకులో చెబుతూ వచ్చాను. "ఇంకా ఉంది... ఇంకా..." పోలినాయుడు అక్కణ్ణుంచి అరిచాడు: "ఉత్తరం గుమ్మంలో ఓ ముప్పై మంది ఉండిపోయారు, లోపలికి తోస్తన్నాం." బెండు కదిలింది. దారం గుమ్మం కమ్మి పక్కకి వచ్చి, ఆ రెండింటి మధ్యా వెలుతురు సన్నబడి, పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పుగా నిలిచింది. నీళ్ళు పోసి చూశాను. బుద్ధిగా తూములోకి పోయాయి.

"నిలబడింది!" అని అరిచాను. "ఎవరూ కదలకండి!"

"బండి బయల్దేరింది" అన్నారు దివాకరంగారు. "యాభై మీటర్లు. ఊగడం లేదు. ఇరవై."

బెండు మీంచి కళ్ళు తియ్యలేదు. ఈశాన్యంలో దగ్గు కూడా వినిపించలేదు, చంటిపిల్లలు కూడా ఏడవలేదు.

"అయిదు. రెండు."

ఠంగుమని నేలలోంచి శబ్దం వచ్చి నా పాదాల్లోకి ఎక్కింది. బెండు ఒక్కసారి వణికి మళ్ళీ నిలబడింది. రేడియోలో అత్త గొంతు, "పట్టీసింది!" అంది. ఆ గొంతులో ఏడుపు నేను మొదటిసారి విన్నాను. ఆ తరవాత ఈశాన్యంలో లేచిన కేకకి నా సీసాలో నీళ్ళు కూడా అదిరాయి.

నేను గెలిచాను. రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. మేమందరం గెలిచాం, అందులో నేను కాస్త ఎక్కువ గెలిచాను.

అత్తని ఇద్దరు పట్టుకుని కిందికి దించారు. పద్నాలుగు నెలల తరవాత కాళ్ళు నిలవడం లేదు. సగం చిక్కిపోయింది. వంగి కాళ్ళు పట్టుకోబోతే లాగి వాటేసుకుంది. భుజం మీద తల పెట్టి, ఎవరికీ వినపడకుండా, "బతికించినావే అమ్మా" అంది. తరవాత తల ఎత్తి, అందరికీ వినపడేలా, "నలభై టన్నుల మంచు తెచ్చినాను" అంది.

నలభై టన్నులు. ఏ వాడలో దించినా చక్రం మళ్ళీ ఊగుతుంది. ఆచార్యులుగారు ఏదో దిక్కు చెప్పబోయి మానుకున్నారు. దివాకరంగారు కాగితం బయటికి తీసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. పుట్టిన రోజు నుంచీ ఎవరినీ ఏదీ అడగని మా అత్త నావైపు తిరిగింది.

"ఎటెట్టమంటావే, గున్నా?"

"ఆగండి" అన్నాను. "సీసా పట్టుకొచ్చి, చూసి చెబుతాను."

అందరూ ఆగారు.